రెండోసారి వలసపోతే ఊరి పేరు మారుతుంది

కంచరపాలెం వైపు వెళ్లి బర్మా క్యాంప్ ఎక్కడని అడిగితే ఆటో అతను మారు ప్రశ్న వేయడు. విశాఖలో చాలామందికి ఆ చోటు తిండి వల్లే తెలుసు. ఉడికించిన నూడుల్స్ మీద కొబ్బరిపాలు, శనగపిండి కలిపి చిక్కగా కాచిన పులుసు పోసి, పైన కోడిగుడ్డు ముక్కలు, వేయించిన ఉల్లిపాయలు, కాస్త కారం చల్లి నిమ్మకాయ పిండితే అది కౌస్వే. బర్మా భాషలో ఆ మాటకు అర్థం నూడుల్స్, అంతే. మొహింగా అని ఇంకోటి ఉంది, అరటి దవ్వ వేసి కాచిన చేపల పులుసులో సన్నటి బియ్యపు సేమ్యా. ఉత్తరాంధ్ర ఇళ్లలో అరటి దవ్వ కూర ఉంది, చేపల పులుసూ ఉంది. రెండూ కలిపి సేమ్యా మీద పోసుకోవడం మాత్రం రంగం నుంచి వచ్చిన అలవాటు.

రంగం అంటే రంగూన్. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో పెద్దవాళ్లకు రంగూన్ అంటే తెలియకపోవచ్చు గానీ ‘రంగం వెళ్లాడు’ అంటే వెంటనే తెలుస్తుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. బర్మా క్యాంప్‌లో స్థిరపడిన కుటుంబాల్లో చాలావరకు తెలుగువాళ్లే. వాళ్ల తాతముత్తాతలు ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచే ఓడెక్కారు. అయినా తెలుగు ఊళ్లో, తెలుగు మాట్లాడేవాళ్ల మధ్య, వాళ్లకు అరవయ్యేళ్లుగా ఉన్న పేరు ‘బర్మా వాళ్లు’. బర్మాలో ఉన్నప్పుడేమో వాళ్లు ‘కోరంగీలు’. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి ఓడలు బయల్దేరేవి కాబట్టి తెలుగు కూలీలందరికీ అక్కడ ఆ రేవు పేరే స్థిరపడిపోయింది, శ్రీకాకుళం నుంచి పోయినవాడైనా కోరంగీనే. కోపంగా ఉన్న బర్మీయుడైతే ‘కలా’ అనేవాడు, భారతదేశం నుంచి వచ్చిన ఎవరినైనా తక్కువ చేసి అనే మాట అది. ఈ మూడు పేర్లలో ఒక్కటి కూడా వాళ్లు తమకు తాము పెట్టుకున్నది కాదు.

రెండోసారి వలసపోయిన వాళ్ల గురించి సమాజ శాస్త్రంలో చాలా చర్చ జరిగింది. తూర్పు ఆఫ్రికాలో స్థిరపడి తర్వాత బ్రిటన్‌కు చేరిన సిక్కుల మీద పర్మీందర్ భాచు అనే పరిశోధకురాలు 1985లో రాసిన తర్వాత ‘రెండుసార్లు వలస వెళ్లినవాళ్లు’ అనే మాట బాగా వాడుకలోకి వచ్చింది. ఆమె గమనించిన విషయం సూటిగా చెప్పాలంటే ఇది: పంజాబ్ నుంచి నేరుగా లండన్ వచ్చినవాడు కొన్నేళ్లు సంపాదించి ఊరికి తిరిగి వెళ్లిపోదాం అనే ఆలోచనతోనే ఉంటాడు, కెన్యా నుంచి వచ్చినవాడికి అలా తిరిగి వెళ్లే ఊరే లేదు. అందుకని అతను వచ్చిన దగ్గర్నుంచీ ఇల్లు కొనడం, పిల్లల చదువు, గుడి కట్టుకోవడం మొదలుపెడతాడు. పైగా పరాయి దేశంలో మైనారిటీగా ఎలా బతకాలో, సంఘం ఎలా పెట్టుకోవాలో, అధికారులతో ఎలా మాట్లాడాలో అంతా ముందే నేర్చుకుని ఉంటాడు.

ఉగాండా సంగతి అందరికీ తెలిసిందే. 1972 ఆగస్టులో అక్కడి నియంత ఇదీ అమీన్ దేశం వదిలిపొమ్మని ఆసియా వాళ్లకు 90 రోజులు గడువు పెట్టాడు, బ్రిటన్‌కు 27 వేలమందికి పైగా చేరారు. ఇక్కడికి రావద్దని లెస్టర్ నగర పాలక సంస్థ ఉగాండా పత్రికలో ప్రకటన ఇచ్చింది. వాళ్లు అక్కడికే వెళ్లారు, ఇవాళ లెస్టర్ దీపావళి అంటే బ్రిటన్ అంతా చెప్పుకుంటుంది. ఎక్కువమంది గుజరాతీలు, చాలామంది వ్యాపారం తెలిసినవాళ్లు. ఈ ఉదాహరణ చూసి రెండోసారి వలస అంటేనే విజయగాథ అనుకుంటే పొరపాటు. మధ్యలో ఆగిన చోట కూడబెట్టుకున్నది ఏమిటి, అందులో ఎంత వెంట తెచ్చుకోగలిగారు అన్నదాని మీద చాలా ఉంటుంది. రంగం వాళ్ల లెక్క దాదాపు తలకిందులు.

రంగం పోవడం మొదట్లో విదేశం పోవడమే కాదు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. భీమునిపట్నంలోనో కళింగపట్నంలోనో ఓడెక్కి రంగూన్ రేవులో దిగడం అంటే ఇవాళ శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల పనికి పోవడం లాంటిదే, మధ్యలో సముద్రం ఉంది అంతే తేడా. ఎక్కువగా మగవాళ్లే వెళ్లేవాళ్లు, మేస్త్రీ ముందు డబ్బిచ్చి తీసుకెళ్లేవాడు, బియ్యం మిల్లులో, రేవులో, రిక్షా మీద రెండు మూడేళ్లు కష్టపడి తిరిగొచ్చేవాళ్లు, మళ్లీ వెళ్లేవాళ్లు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు, రంగూన్ నగరంలో సగానికి పైగా వాళ్లే. అంతమంది ఉన్నచోట కొంతకాలానికి ఆడవాళ్లూ వెళ్లారు, పిల్లలు పుట్టారు, ఇళ్లు ఏర్పడ్డాయి.

వాళ్లను ‘వీళ్లు వేరు’ అని గట్టిగా గుర్తుచేసింది 1930 మే. రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడ సరుకు దించే కంపెనీలు బర్మా వాళ్లను పనిలోకి తెచ్చుకున్నాయి. సమ్మె ముగిసి తెలుగువాళ్లను తిరిగి తీసుకోగానే బర్మా వాళ్లను పొమ్మన్నారు. గొడవ అక్కడ మొదలై రంగూన్ అంతా పాకింది, వందమందికి పైగా చచ్చిపోయారు. ఇది మొదట కూలి తగాదా, జాతి తగాదా కాదు. కానీ చచ్చినవాణ్ణి రేవు కూలీ అని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, కోరంగి అని గుర్తుపెట్టుకున్నారు. పని పోతుందన్న భయం ఉన్నచోట జాతి పేరు ఎంత తొందరగా పైకొస్తుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1941 డిసెంబరు 23న జపాన్ రంగూన్ మీద బాంబులు వేసింది. లక్షలమంది అడవుల్లో, కొండల్లో నడుచుకుంటూ భారతదేశం చేరారు, దారిలో ఆకలికి, మలేరియాకు, కలరాకు పోయినవాళ్లకు లెక్కలేదు. అలా ప్రాణాలతో విశాఖ ప్రాంతానికి చేరినవాళ్లు ఊపిరి తీసుకునేలోపే 1942 ఏప్రిల్ 6న అదే జపాన్ విశాఖ మీద కూడా బాంబులు వేసింది. (ఆ రోజు గురించి ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ, వినేవాళ్లలో రంగంలో ఒకసారి అదే మోత విని వచ్చినవాళ్లు ఉండుంటారన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.) యుద్ధం అయ్యాక వాళ్లలో కొందరు మళ్లీ బర్మా వెళ్లారు. ఎందుకంటే పనీ ఇల్లూ అక్కడే ఉన్నాయి కాబట్టి.

1962లో బర్మా సైన్యాధిపతి నే విన్ సైన్యంతో అధికారం తీసుకున్నాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశాడు, మేలో 50, 100 చాట్ల (చాట్ అంటే బర్మా రూపాయి లాంటిది) నోట్లు రద్దుచేశాడు. ఆ దశాబ్దంలో సుమారు 3 లక్షలమంది భారతీయులు దేశం వదిలారు. చాలామంది కొద్దిపాటి సామానుతో ఓడెక్కి మద్రాసులో, విశాఖలో దిగారు. ఉగాండా రాజధాని కంపాలాలో ఉన్న గుజరాతీకి కూడా ఆస్తి పోయింది, కానీ అతనికి ఇంగ్లిషు, దుకాణం నడిపిన అనుభవం, ఇతర దేశాల్లో చుట్టాలు మిగిలారు. రంగూన్ కూలీకి మిగిలింది బర్మీస్ భాష, బర్మా వంట. విశాఖలో మొదటి దానికి విలువ లేదు. రెండోది బండి మీద పెట్టి అమ్ముకోవచ్చు.

ప్రభుత్వ కాగితాల్లో వీళ్లను ‘స్వదేశానికి తిరిగొచ్చినవాళ్లు’ అని రాశారు. ఆ మాటతోనే అసలు సంగతి మరుగున పడిపోతుంది. అందులో ఎంతమంది రంగూన్‌లో పుట్టి, రంగూన్‌లో బడికి వెళ్లి, విశాఖ రేవు మొహం మొదటిసారి చూశారో! పుట్టిన ఊరు వదిలి ఎప్పుడూ చూడని ఊరికి పోతే అది తిరిగి రావడం ఎలా అవుతుంది, వలస అవుతుంది. కాగితం మీద ఇంటికి చేరారు, బతుకులో రెండోసారి వలసపోయారు. ఇది మరీ అతిగా అంటున్నట్టు అనిపిస్తే మణిపూర్ సరిహద్దులో మోరే చూడండి. అక్కడ తమిళుల కాలనీ ఉంది, తమిళ గుడి ఉంది. మద్రాసులో దిగాక అక్కడ ఇమడలేక, మళ్లీ బర్మా వెళ్లిపోదామని బయల్దేరి, సరిహద్దు దగ్గర ఆగిపోయినవాళ్లు కట్టుకున్న ఊరు అది. సొంత రాష్ట్రం దాటి, దేశం చివరిదాకా వెళ్లి, బర్మా కనబడేచోట ఇల్లు కట్టుకున్నారు.

అంటే ఇల్లు అనే మాటకు అర్థం మధ్యలో ఉన్న ఊరికి మారిపోయింది. రెండోసారి వలసలో చాలాచోట్ల కనిపించేది ఇదే. మొదటిసారి వెళ్లినవాడు వదిలిన ఊరిని వెంట తీసుకెళ్తాడు, రెండోసారి వెళ్లినవాడు మధ్యలో ఆగిన ఊరిని తీసుకెళ్తాడు.

ఫీజీ తెలుగువాళ్లలో ఇది ఇంకా స్పష్టంగా ఉంటుంది. చెరకు తోటల పనికి ఒప్పంద కూలీలను ఫీజీకి తీసుకెళ్లడం 1879 మే 14న మొదలైంది, లియోనిదాస్ అనే ఓడతో. 1916 దాకా 60 వేలమందికి పైగా వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాది వాళ్లను తీసుకెళ్లారు, సుమారు 15 వేలమంది. తమిళులు, తెలుగువాళ్లు, మలయాళీలు అందరూ కలిపి అక్కడ ‘మద్రాసీలు’. పనిలో, బజారులో నడిచేది ఉత్తరాది భోజ్‌పురి, అవధి కలిసి పుట్టిన ఫీజీ హిందీ. తెలుగు ఇంట్లోకి, పెళ్లిలోకి, భజనలోకి కుదించుకుపోయింది, తర్వాత చాలా ఇళ్లలో అక్కడా పోయింది. 1926లో దక్షిణాది వాళ్లంతా కలిసి ఒక సంగం పెట్టుకున్నారు. పదిహేనేళ్లకు, 1941లో, తెలుగువాళ్లు విడిగా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. భాష పోతున్నకొద్దీ భాష పేరుతో సంఘం పెట్టుకోవడం వింతగా కనిపిస్తుంది గానీ నిజానికి అదే మామూలు. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడుకునేవాళ్లకు తెలుగు సంఘం అవసరం పెద్దగా ఉండదు.

1987 మే 14న, అంటే లియోనిదాస్ వచ్చిన రోజుకి సరిగ్గా 108 ఏళ్లకు, సితివేని రబుకా అనే సైనికాధికారి ఫీజీలో తిరుగుబాటు చేశాడు. భారతీయుల మద్దతుతో గెలిచిన ప్రభుత్వం నెల రోజులకే పడిపోయింది. 2000లో మళ్లీ తిరుగుబాటు, ఈసారి ప్రధాని మహేంద్ర చౌదరినే బందీగా పట్టుకున్నారు. జనం సిడ్నీకి, ఆక్లండ్‌కు, వాంకూవర్ వైపుకు, కాలిఫోర్నియాకు పోవడం మొదలైంది. 1966లో జనాభాలో సగం దాటి ఉన్న భారతీయులు 2007 నాటికి 37 శాతం దగ్గరకు వచ్చారు.

ఇప్పుడు ఆక్లండ్‌లో ఒక తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇంటికి పక్కన ఒక నాయుడు గారు దిగారనుకుందాం. పేరు బోర్డు చూసి మనవాడే అని ఉత్సాహంగా వెళ్లి పలకరిస్తాడు.

“ఏ ఊరండీ మీది?”

ఆయనకు తెలుగు రాదు, ఇంగ్లిషులో అడిగించుకుని ‘బా’ అంటాడు. బా అనేది ఫీజీలో ఒక ఊరు.

“అది కాదండీ, అసలు ఊరు?”

ఈ ‘అసలు’ దగ్గరే మొత్తం తేడా వస్తుంది. అడిగినవాడి దృష్టిలో అసలు ఊరంటే తెలుగు నేల మీద ఉండాల్సిందే. చెప్పేవాడికి నాలుగు తరాలుగా బా అసలు ఊరే. ఆయన ఇంట్లో శనివారం సాయంత్రం చుట్టాలు చేరితే నేల మీద చాప పరిచి, మధ్యలో చెక్క గిన్నె పెట్టి, కావా వేరు పొడిని గుడ్డలో కట్టి నీళ్లలో పిసికి, కొబ్బరి చిప్పలో ముంచి ఒకరి తర్వాత ఒకరు తాగుతారు. ఇచ్చేముందు చప్పట్లు కొట్టే పద్ధతి ఉంటుంది. అది ఫీజీ మూలవాసుల ఆచారం. దగ్గర్నుంచి చూస్తే రంగు మట్టినీళ్లలా ఉంటుంది, తాగితే నాలుక మొద్దుబారుతుంది. పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయికి ఇందులో తెలుగుతనం ఏ కోశానా కనబడదు. ఆయనకేమో ఈ అబ్బాయి ‘ఇండియా నుంచి వచ్చినవాడు’, అంతే, తనవాడు కాదు.

అందులో కులం సంగతి ఇంకో చిక్కు. విశాఖలో నాయుడు అంటే పలానా కులం అని వినేవాళ్లు మనసులో లెక్కలు వేసేసుకుంటారు. దక్షిణాఫ్రికాలో, ఫీజీలో, మారిషస్‌లో ఓడెక్కేటప్పుడే కలగాపులగమై, తాత పేరు ఇంటిపేరైపోయి, గుమాస్తా రాసిన స్పెల్లింగే నిలిచిపోయి, ఆ లెక్కలు చాలావరకు చెడిపోయాయి. చెడిపోవడం మంచిదే అని కొందరికి అనిపించవచ్చు. కానీ మెల్బోర్న్‌లోనో ఆక్లండ్‌లోనో కొత్తగా వచ్చిన తెలుగు సంఘాల ముందు ఆ నాయుడు గారు రెండోసారి పరీక్షకు కూర్చోవాల్సి వస్తుంది, సిలబస్ తెలియకుండా.

ఇంకో వింత పేరు దగ్గరే ఉంది. ఫీజీలో ఉన్నంతకాలం వీళ్లను ‘ఫీజియన్’ అనేవాళ్లు కాదు, ఆ మాట మూలవాసులది. 2010లో గానీ ఆ మాట పౌరులందరికీ వర్తిస్తుందని అక్కడి ప్రభుత్వం తేల్చలేదు. న్యూజిలాండ్ చేరాక మాత్రం చుట్టుపక్కల అందరూ వాళ్లను ఫీజీ వాళ్లు అనే పిలుస్తారు. అక్కడి ప్రభుత్వ లెక్కల్లో మళ్లీ వేరే సంగతి, ఫీజీ భారతీయులను ఆసియా వాళ్ల కింద వేస్తారు, మేము పసిఫిక్ ద్వీపాల వాళ్లం కదా అని వాళ్ల సంఘాలు వాదిస్తూనే ఉన్నాయి. ఇది ఏదో మనోభావాల గొడవ అనుకోకండి. ఏ గడిలో పడితే ఆ గడికి ఉన్న స్కాలర్‌షిప్పులు, పథకాలు వస్తాయి, లేకపోతే లేదు. జాతి అనేది రక్తంలో ఉంటుందని చెప్పేవాళ్లు ఒకసారి ఇలాంటి ఫారాలు చూడాలి.

మారిషస్ దారి కొంచెం వేరు. అక్కడ తెలుగు అనేది జనాభా లెక్కల్లో గుర్తించిన వర్గం, ఉగాదికి దేశమంతా సెలవు. భాష చాలా ఇళ్లలో క్రియోల్‌కు, అంటే ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాషకు, మారిపోయినా పూజ మారలేదు. అందులో విశాఖ వాళ్లు చెవి నిక్కించి వినాల్సినది సింహాద్రి అప్పన్న పూజ. సింహాచలం కొండ నుంచి వేల కిలోమీటర్ల దూరంలో, ఆ కొండను ఎప్పుడూ చూడనివాళ్లు తరతరాలుగా అప్పన్నను కొలుస్తున్నారు. తెలుగువాళ్లందరికీ దేవుడు వెంకటేశ్వరుడే అనుకుంటాం గానీ, ఓడెక్కినవాళ్లు తీసుకెళ్లింది పక్క కొండ దేవుణ్ణి. వాళ్లు ఏ వైపు నుంచి వెళ్లారో చెప్పడానికి ఇంకే కాగితం అక్కర్లేదు. ఆ ద్వీపం నుంచి కూడా జనం ఫ్రాన్స్‌కు, ఇంగ్లండ్‌కు, కెనడాకు వెళ్లారు. ఫ్రెంచిలో రాసే నవలాకారిణి నతాషా అప్పన్న మారిషస్‌లో పుట్టి, 1998లో ఫ్రాన్స్‌కు వెళ్లారు, ఇంట్లో క్రియోల్ వింటూ పెరిగారు. పారిస్ పుస్తకాల షాపులో ఆ పేరు చూసినవాళ్లు దాన్ని మారిషస్ పేరనుకుంటారు. విశాఖ మర్రిపాలెంలో అదే పేరు వినబడితే వెనక్కి తిరిగి చూసేవాళ్లు పదిమంది ఉంటారు.

ఇలా మూడో తరంలో, నాలుగో తరంలో కొందరికి తాత ఊరు వెతకాలనిపిస్తుంది. ఒప్పంద కూలీలకు ఒక పాస్ ఇచ్చేవాళ్లు, అందులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చ దాకా రాసేవాళ్లు. ఆ పాస్‌లు దాచి ఉంచారు కాబట్టి కాపీ దొరుకుతుంది. దాంట్లో జిల్లా ‘వైజాగపటం’ అని ఉంటే సంబరంగా విశాఖ వస్తారు. ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. అప్పటి వైజాగపటం జిల్లాలో కోరాపుట్ ప్రాంతం కూడా ఉండేది, అది 1936లో ఒరిస్సాకు పోయింది. 1950లో శ్రీకాకుళం విడిపోయింది, 1979లో విజయనగరం వచ్చింది, 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాలు వచ్చాయి. ఊరి పేరేమో గుమాస్తా చెవికి వినబడినట్టు రాసినది. పేటలు, పాలేలు, వలసలు ఉత్తరాంధ్రలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం కష్టం, పైగా ఊరి పేర్లలోనే వలస అనే మాట ఉందంటే అంతకు ముందు ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చి అక్కడ ఆగారో!

కాబట్టి సిడ్నీ నుంచి వచ్చిన ఫీజీ మనవడికి ఊరు దొరక్కపోవచ్చు. దొరికినా అక్కడివాళ్లు ‘ఫీజీ నుంచి వచ్చారు’ అంటారు. ఫీజీలో ‘ఆస్ట్రేలియా నుంచి వచ్చారు’ అంటారు. సిడ్నీలో అడగనే అక్కర్లేదు.

బర్మా క్యాంప్‌లో ఇప్పుడు బండి నడిపేవాళ్లలో చాలామంది బర్మా చూడనివాళ్లు. కౌస్వే చేయడం ఇంట్లో నేర్చుకున్నారు. బర్మీస్ మాటలు కొన్ని, వంట పేర్లు, తిట్లు, పిలుపులు మిగిలి ఉండవచ్చు, పిల్లలకు అవీ రావు. ఒక పద్ధతిలో చూస్తే వాళ్లు పూర్తిగా వైజాగ్ వాళ్లయిపోయారు. అదే సమయంలో ‘బర్మా’ అనే మాటకు ఇవాళ గిరాకీ ఉంది, తినేవాళ్లు వీడియోలు తీసుకుంటారు, పక్క ఊళ్ల నుంచి వస్తారు. ఒకప్పుడు వేలెత్తి చూపించడానికి వాడిన పేరు బోర్డు మీదకు ఎక్కింది. పేరు అదే, దాన్ని పట్టుకున్న చెయ్యి మారింది.

ఇక వాళ్ల పిల్లలు కూడా అందరి పిల్లల్లాగే చదువుకుని విదేశాలకు పోతున్న కాలం ఇది. ఆస్ట్రేలియా జనాభా లెక్కల ఫారంలో మీ వంశ మూలం ఏమిటి అని ఒక ప్రశ్న ఉంటుంది, గరిష్ఠంగా రెండు జవాబులు రాయొచ్చు. ఫీజీ నుంచి వెళ్లిన తెలుగావిడ ఆ రెండు గడుల్లో ఏం రాయాలని పెన్ను పట్టుకుని ఆలోచిస్తుంది: ఇండియన్, ఫీజియన్, తెలుగు, మూడున్నాయి, గడులు రెండే. కంచరపాలెం నుంచి వెళ్లిన కుర్రాడు మాత్రం మొదటి గడిలో ఇండియన్ అని రాసి రెండోది ఖాళీగా వదిలేస్తాడు. ముత్తాత రంగూన్ రేవులో మూటలు మోశాడని అతనికి తెలుసు, ఆదివారం ఇంటి నుంచి వీడియో కాల్‌లో వాళ్లమ్మ కౌస్వే పులుసులో శనగపిండి ఉండకట్టకుండా ఎలా కలపాలో చెబుతుంది కూడా. ఆ గడి గురించి మాత్రం వాళ్లిద్దరి మధ్య ఎప్పుడూ మాట రాదు.